పొమ్మనే మాటలు

నా చిన్నప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట పిట్టల్ని తరమడానికి పనికొచ్చింది. ఏ బీ సీ డీలు దిద్దకముందే జొన్నచేలో మంచె మీద నిలబడి "కీపాఫ్" అని గొంతు చించుకునేదాన్ని. ముప్పై మూడేళ్ళు ఇంగ్లీషు టీచరుగా బతికినదాన్ని గనక ఈ సంగతి చెబితే నా శిష్యులు నవ్వుతారు. నవ్వనీ. నాకా భాష అట్లాగే అబ్బింది, అదీ ఒక గేటు కాపలా మనిషి దగ్గర.

మాది జగ్గయ్యపేటకు కాలినడకన గంటన్నర దూరంలో ఉన్న ఊరు. మెట్ట నేల. ఊళ్ళో బడి ఐదో తరగతి వరకే ఉండేది. ఆపైన చదవాలంటే పేటకైనా వెళ్ళాలి, నందిగామకైనా వెళ్ళాలి. ఆడపిల్లను రోజూ పేట దాకా నడిపించే ఆలోచన ఎవరికీ లేదు. నందిగామలో మా పెద్దమ్మ ఉండేది కాబట్టి అక్కడ ఉంచి చదివించాలని మా అమ్మ అనుకునేది. నేను ఐదు పాసైన వేసవిలోనే అమ్మ పోయింది. పది రోజుల జ్వరం, అంతే. నా చదువు గురించి మాట్లాడే మనిషి ఇంట్లో లేకుండా పోయింది.

నాన్న మంచివాడే గానీ మాటలు తక్కువ. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె ఇద్దరి మాటలూ మాట్లాడేది కాబట్టి మాకు తెలియలేదు. పోయాక తెలిసింది. పొద్దున నేను జొన్నన్నం వండి పెడితే తిని ఎడ్లను తోలుకుని వెళ్ళేవాడు, చీకటి పడ్డాక వచ్చేవాడు. అన్నం పెట్టనా అని నేను, పెట్టమని ఆయన. ఆ రెండు మాటలతో మాకు రోజు గడిచిపోయేది. నా ఈడు పిల్లలు కొందరు నందిగామ వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు పనుల్లో పడ్డారు. పదకొండేళ్ళకు నేను ఇంటికి పెద్దదాన్నయి కూర్చున్నాను.

కార్తీకం దాటి జొన్నకంకులు పాలు పోసుకునే వేళకు నాన్న చేలో మంచె కట్టాడు. నాలుగు గుంజలు, పైన నాలుగు బద్దలు, ఎక్కడానికి ఒక నిచ్చెన. చేతికి రాళ్ళు విసిరే వడిసెల, మోగించడానికి పాత కిరసనాయిలు డబ్బా ఇచ్చాడు. కూలికి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు గనక పిట్టల కాపలా నాకే పడింది. మంచె ఎక్కిన మొదటి రోజే ధైర్యం చేసి, నన్ను బడికి ఎప్పుడు పంపుతావు నాన్నా అని అడిగాను. ఆయన చాలాసేపు నిచ్చెన పట్టుకుని ఊపి చూస్తూ ఉండిపోయాడు. గట్టిగా ఉందో లేదో చూస్తున్నాడనుకున్నాను.

"మీ పెద్దమ్మకి నలుగురు పిల్లలమ్మా. ఊరికే పెట్టమంటే బాగోదు. నీ తిండికి రెండు బస్తాల జొన్నలన్నా ఇవ్వాల. మన ఏడాది తిండి పోను రెండు బస్తాలు మిగిలితే వచ్చే జ్యేష్ఠంలో పంపుతా. పిట్టకి వదిలావో, ఇంక లేదు" అన్నాడు.

అమ్మ పోయాక ఆయన నాతో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. ఆ విధంగా నా చదువు పిట్టల నోటికి దొరికింది.

మంచె మీద ఒంటరితనం ఎట్లా ఉంటుందో కూర్చున్నవాళ్ళకే తెలుస్తుంది. చుట్టూ తలెత్తు జొన్న. పొద్దున ఎక్కితే మధ్యాహ్నం గంజి తాగడానికి దిగాలి, మళ్ళీ ఎక్కాలి. పొద్దస్తమానం మనిషి మొహం కనపడేది కాదు. అమ్మ గుర్తొస్తే ఏడ్చేదాన్ని. ఏడవటానికి కూడా తీరిక ఉండేది కాదు, కళ్ళు తుడుచుకునేలోపు పిచ్చుకలు వాలేవి. పొద్దున పిచ్చుకలు, ఎండెక్కాక గోరువంకలు, సాయంత్రం రామచిలకలు. నన్ను వెతుక్కుంటూ వచ్చేవి అవే. వాటినే నేను వెళ్ళగొట్టాలి.

మా చేనికీ పక్క చేనికీ మధ్య బండ్లు నడిచే డొంక ఒకటి ఉండేది. డొంక అవతల మంచె మీద మిలట్రీ తాత ఉండేవాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్ళు కూడా లేవేమో, జుట్టంతా తెల్లబడటంతో తాత అయిపోయాడు. యుద్ధంలో పటాలానికి వెళ్ళి, తిరిగొచ్చేసరికి ఇంట్లో ఎవరూ మిగల్లేదట. చేని పక్కనే పాక వేసుకుని ఉండేవాడు. గట్టు తొక్కినవాళ్ళను ఇంగ్లీషులో కసురుతాడని పేరు. గడ్డికోసుకునే ఆడవాళ్ళు ఆయన చేను చుట్టి పోయేవాళ్ళు. పిల్లలైతే ఆ ఛాయలకే వెళ్ళరు.

నేను మంచె ఎక్కిన నాలుగో రోజో ఐదో రోజో, ఆయన చేను మీద వాలిన చిలకలు ఒక్క అరుపుకు లేచి డొంక దాటి నా మీదికి వచ్చాయి. నేను డబ్బా కొట్టాను, హోయ్ హోయ్ అన్నాను. కదల్లేదు. ఆయన అరిచిన అరుపే నేనూ అరిచి చూద్దామనిపించింది. "కీపాఫ్!" అన్నాను. పీలగా వచ్చింది.

అవతలి మంచె మీద నుంచి గొంతు వినపడింది. "గొంతులోంచి కాదే పిల్లా! పొట్టలోంచి రావాల!"

అమ్మ పోయాక నన్ను 'కాదే పిల్లా' అని చనువుగా పిలిచిన మొదటి గొంతు అది. నాకు అంత సంతోషం ఎందుకు కలిగిందో అప్పుడు తెలియలేదు.

ఆ రోజు నుంచి మా బడి మొదలైంది. ఆయన మంచె మీద ఆయన, నా మంచె మీద నేను. మధ్యలో డొంక. ఆయన ఒక మాట అరిచేవాడు, నేను తిరిగి అరిచేదాన్ని. అర్థం కూడా అరిచే చెప్పాలి కదా, పుస్తకాల్లోలా చెబితే కుదరదు. అందుకని ఎదురుగా ఉన్న చేనుతోనే చెప్పేవాడు. వచ్చి వాలినదాన్ని లేపి పంపేస్తే "డ్రైవ్ అవే". దగ్గరకే రానివ్వకపోతే "కీపాఫ్". వస్తున్నదాన్ని ఉన్నచోటే నిలబెడితే "హాల్ట్". మనకు సాయం వచ్చేదాకా ఎట్లాగో అట్లా ఆపుకొస్తే "హోల్డ్ ఆఫ్". వడిసెలలో రాయి అయిపోయి కొత్త రాయి పెట్టుకునేదాకా డబ్బా కొడతామే, అదీ అన్నమాట. "ప్రివెంట్" అనే మాట ఆయన ఒక గోడ మీద చూశాడట, కింద వరుసగా ఇసక బకెట్లు వేలాడుతుండేవట. నిప్పు ఇంకా అంటుకోలేదు, అయినా ఇసక సిద్ధంగా ఉంది. అదమ్మా ప్రివెంట్ అన్నాడు. మీదికొచ్చే దెబ్బకు చెయ్యి అడ్డం పెట్టడాన్ని "వార్డ్ ఆఫ్" అంటారని, ఆ మాట తనకు ఒక దొర నేర్పాడని, కర్రతో కొడుతూ నేర్పాడని నవ్వాడు. తర్వాత నేను ఎన్ని నిఘంటువులు తిరగేశానో! ఆయన చెప్పిన అర్థాల్లో ఒక్కటి కూడా తప్పు లేదు.

ఒక మధ్యాహ్నం ఆయన పాలకంకులు కాల్చి ఊచబియ్యం రాల్చాడు. ఆ వాసన డొంక దాటి నా దాకా వచ్చింది. రావే, రెండు గుప్పెళ్ళు తిని పోదువు అని పిలిచాడు. చేను వదిలి దిగకూడదని నాకు తెలుసు. పిట్టలు నీడకు పోయే వేళ, రెండు నిమిషాలే కదా అనుకున్నాను. దిగి పరిగెత్తాను.

వేడి వేడి ఊచబియ్యం తింటూ, అన్నం పెట్టు అనటానికి ఇంగ్లీషులో ఏమంటారు తాతా అని అడిగాను. తెలవదన్నాడు. దా, కూర్చో అనటానికి? అదీ తెలవదన్నాడు. పటాలంలో అన్నేళ్ళున్నావు కదా, మరి నీకు తెలిసినవేంటని నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఇప్పుడు నీకు చెప్పినయ్యే. అన్నీ పొమ్మనేవే" అన్నాడు.

అప్పుడు చెప్పాడు. కలకత్తా అవతల ఎక్కడో బియ్యం గోడౌను గేటు దగ్గర ఆయన్ని కాపలా పెట్టారట. లోపల కప్పు తగిలే ఎత్తున బస్తాలు. బయట తిండి లేక ఎముకలు తేలిన జనం. ఒకావిడ రోజూ గిన్నె పట్టుకుని గేటు దగ్గరకు వచ్చేదట.

"ఆవిడ మాట నాకు తెలవదు, నా మాట ఆవిడకి తెలవదు. కీపాఫ్ అనేవాణ్ణి. నాలుగు రోజులొచ్చింది. ఐదో రోజు రాలా. డ్యూటీ సరిగ్గానే చేసానమ్మా నేను. ఒక్క గింజ బయటికి పోలా" అన్నాడు.

పదకొండేళ్ళ పిల్లకు ఆ మాట ఎంత బరువుదో ఏం తెలుస్తుంది? కానీ ఆయన మొహం చూస్తే లేచి పోబుద్ధి కాలేదు. అట్లా కూర్చునే ఉన్నాను. ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. తలెత్తి చూసేసరికి మా చేను పడమటి మూల మీద నుంచి చిలకల గుంపు పచ్చగా లేచి మళ్ళీ అక్కడే వాలుతోంది.

సాయంత్రం నాన్న వచ్చి ఆ మూలకు నడిచాడు. ఒక కంకి విరిచి అరచేతిలో నలిపి ఊదాడు. పొట్టంతా ఎగిరిపోయింది, చేతిలో గింజ మిగల్లేదు. తిట్టలేదు, కొట్టలేదు. "ఇంకొక్క మూల ఇట్టా పోతే బడి మాట ఎత్తమాక" అని ఎడ్ల వైపు వెళ్ళిపోయాడు.

ఆ రాత్రంతా నాకు మిలట్రీ తాత మీద కోపం పొంగింది. దిగిన తప్పు నాది. అయినా పిలిచింది ఆయనే కదా అనుకున్నాను. మర్నాడు ఆయన మంచె మీద నుంచి ఎన్నిసార్లు పలకరించినా బదులివ్వలేదు. చివరికి ఆయనే దిగి డొంక దాటి మా గట్టు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. ఆ మూల కంకుల్ని చూశాడు. ఏమైందమ్మా, మీ నాన్న ఏమన్నాడు అని అడిగాడు. బడి సంగతి, రెండు బస్తాల సంగతి అంతా ఏడుస్తూ అరిచి చెప్పాను. ఆయన గట్టు మీద కాలు పెట్టబోయాడు.

"కీపాఫ్! గెటవే!" అని అరిచాను. పొట్టలోంచే వచ్చింది.

ఆయన పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాడు. "బాగా వచ్చిందమ్మా" అన్నాడు. వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచి అవతలి మంచె ఖాళీ. అరుపు లేదు, డబ్బా చప్పుడు లేదు. నా మీద అలిగాడనుకున్నాను. అలగనీ అనుకున్నాను రెండు రోజులు. మూడో రోజు నుంచి ఆ నిశ్శబ్దం భరించడం నా వల్ల కాలేదు. నేనే ఒక మాట అరిచి, బదులు వస్తుందేమోనని చెవులు రిక్కించేదాన్ని. ఏదీ వచ్చేది కాదు. ఒకటి మాత్రం జరిగింది. పిట్టలు మా చేను మీద ఒక చుట్టు తిరిగి, నేను అరవగానే డొంక దాటి పోయేవి. మళ్ళీ వచ్చేవి కావు. నా అరుపుకు పదునెక్కిందనీ, నాకు భయపడి పోతున్నాయనీ అనుకున్నాను. గర్వంగా కూడా ఉండేది. గింజ గట్టిపడేదాకా అట్లాగే గడిచింది.

పంట నూర్చాక మా ఏడాది తిండి పోను మూడు బస్తాలు మిగిలాయి. ఆ సాయంత్రం నాన్న డొంక అవతలికి వెళ్ళి చూసి వచ్చాడు. వసారాలో చాలాసేపు తలగుడ్డ మడుస్తూ కూర్చున్నాడు. మిలట్రీ ఆయన చేలో కంకికి గింజ లేదనీ, చొప్ప మాత్రం కోసుకుంటున్నాడనీ చెప్పాడు. "ఒంట్లో బాగుండే ఉన్నాడు. కావాలనే వదిలేశాడే" అన్నాడు.

మర్నాడు పొద్దున నాన్న ఒక బస్తా భుజాన వేసుకుని వెళ్ళి ఆయన పాక ముందు దింపి వచ్చాడు. పొద్దు వాలకముందే ఆ బస్తా మోసుకుంటూ ఆయనే మా ఇంటికి వచ్చాడు. మా వాకిట్లోకి ఆయన రావడం అదే మొదటిసారి, అదే ఆఖరుసారి. నేను వంటింటి తలుపు వెనక దాక్కుని విన్నాను. పిట్టలకి ఎక్కడో ఒకచోట తిండి దొరకాలిగా, పిల్ల చదువు మీద పడకుండా ఇటు తిప్పుకున్నా, అంతేనయ్యా అన్నాడు. నీకు తిండెట్లా అని నాన్న అడిగాడు. పేటలో కూలికి పోతానన్నాడు. వెళ్ళబోతూ ఆగి, "పది రోజులు ఎవర్నీ పొమ్మనకుండా ఉన్నానయ్యా. నిద్ర పట్టింది" అన్నాడు.

నేను తలుపు వెనక నుంచి బయటికి రాలేదు. గట్టు మీద నేను అరిచిన మాట నాకు అడ్డం వచ్చింది. వేసవంతా రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటూనే గడిపేశాను.

నందిగామలో ఫస్టు ఫారంలో, అంటే ఆరో తరగతిలో చేరాను. మా పెద్దమ్మ కూతురూ నేనూ ఒకే తరగతి. మొదటి వారంలో టీచరు ఒక్కొక్కరినీ లేపి, మీకు వచ్చిన ఇంగ్లీషు మాటలు చెప్పమన్నారు. పిల్లలు పెన్ను, క్యాటు, డాగు అంటున్నారు. వీళ్ళకంటే నాకే ఎక్కువ వచ్చని పొంగిపోతూ లేచాను. మడమలు కలిపి, గుండె ముందుకు పెట్టి, చేని కొసకు వినపడేటట్టు "హాల్ట్! స్టాండ్ బ్యాక్! కీపాఫ్!" అన్నాను. ముందు బెంచీ పిల్ల బెదిరి పలక కింద పడేసింది. తరగతి గొల్లుమంది. టీచరుకు కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వు ఆగలేదు. ఆయన నవ్వులో చెడు లేదు, ఇప్పుడు తెలుస్తుంది. కానీ గేటు జవాను అరిచినట్టుందని ఎవరో అన్నారు, ఆ రోజు నుంచి నా పేరు 'గేటు' అయింది. గంట కొట్టగానే చుట్టూ చేరి, గేటూ ఒక్కసారి అరవవే అని వేధించేవాళ్ళు. చుట్టూ అంతమంది ఉన్నా మంచె మీద కంటే ఒంటరిగా ఉండేది. ఆ ఇంగ్లీషు నవ్వులపాలయ్యే ఇంగ్లీషు అని నాకు అర్థమైంది. మర్చిపోదామని నిశ్చయించుకున్నాను.

దసరా సెలవులకు ఊరొచ్చాను. పెద్దమ్మ కూతురూ వెంట వచ్చింది. మిలట్రీ తాతకు కనపడి రమ్మని నాన్న గట్టిగా చెప్పాడు. ఇద్దరం వెళ్ళాం. ఆయన దూరం నుంచే మమ్మల్ని చూసినట్టున్నాడు. మేము వెళ్ళేసరికి గుమ్మంలో నిటారుగా నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. పాకలో నేల అలికి ఉంది. చాప పరిచి ఉంది. చాప మీద రెండు గ్లాసుల మజ్జిగ పెట్టి, మీద ఆకులు మూసి ఉన్నాయి.

ఇంగ్లీషు చెబుతున్నారా అమ్మా అని అడిగాడు. చెబుతున్నారన్నాను. ఒక మాట చెప్పి పో, ఇంటికొచ్చినవాళ్ళని లోపలికి రమ్మనాలంటే ఏమంటారు అని అడిగాడు. చెప్పాను. ఆయన పెదవుల్లోనే రెండు మూడుసార్లు అనుకుని చూసుకున్నాడు. తర్వాత గుమ్మానికి పక్కగా జరిగి, చెయ్యి లోపలికి చాపి, మెల్లగా అన్నాడు. "కమిన్."

ఆయన నోట మెల్లగా వచ్చిన ఇంగ్లీషు మాట అదొక్కటే నేను విన్నది. నా పక్కన మా పెద్దమ్మ కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అయినా నవ్వు కిసుక్కున బయటికి వచ్చింది. నా మొహం మండిపోయింది. బడి తెరిచాక ఈ సంగతి అందరికీ చెబుతుందన్న భయం తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

"పొద్దుపోతోంది తాతా, మళ్ళీ వస్తా" అన్నాను. పొద్దు ఇంకా నడినెత్తికి కూడా రాలేదు.

సరేనమ్మా అన్నాడు. డొంక మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే అట్లాగే పక్కకు జరిగి నిలబడే ఉన్నాడు, గుమ్మం ఖాళీగా వదిలి.

ఆ చలికాలంలోనే ఆయన పోయాడు. నాన్న పెద్దమ్మకు రాసిన కార్డులో చివర ఆ సంగతి ఉంది. రెండు రోజుల దాకా ఎవరికీ తెలియలేదట. కార్డు చదివి పెద్దమ్మ అయ్యో అని పక్కన పెట్టింది. నేను దొడ్లోకి పోయి ఏడ్చాను. ఎందుకేడుస్తున్నానో ఎవరికీ చెప్పలేదు.

పై చదువుల్లో "అవర్ట్" అనే మాట తగిలింది. రాబోయే ఆపదను పక్కకు మళ్ళించడం అని నిఘంటువులో ఉంది. ఎవరి మీదికి మళ్ళిస్తారో నిఘంటువు రాయదు. నాకు తెలుసు కాబట్టి ఆ మాట చెప్పేటప్పుడు పిల్లలకు ఆ చేను సంగతి చెప్పేదాన్ని. ఆయన తన చేను మీదికి మళ్ళించుకున్నాడని, గొప్ప మనిషని చెప్పేదాన్ని. వాళ్ళు శ్రద్ధగా రాసుకునేవాళ్ళు. పాక దగ్గరి సంగతి మాత్రం ముప్పై మూడేళ్ళలో ఒక్కరికీ చెప్పలేదు.

ఆలస్యంగా వచ్చిన పిల్లలు తలుపు దగ్గర నిలబడి, లోపలికి రావచ్చా అని ఇంగ్లీషులో అడుగుతారు కదా. నేను వాళ్ళను అడగనిచ్చేదాన్ని కాదు, కనపడగానే రమ్మనేదాన్ని. మెతక టీచరని తోటివాళ్ళు అనేవాళ్ళు. ఆయన నాకు ఎన్నో మాటలు నేర్పాడు. నేను ఆయనకు నేర్పింది ఒక్కటే. ఆ ఒక్కటీ నా కోసమే నేర్చుకుని, నన్నే పిలిచాడు. లోపలికి వెళ్ళి ఆ మజ్జిగ తాగి రావాల్సింది. వెళ్ళలేదు.